పాటగాడి కథకు వంత ఎవరు?

పంక్ సంగీతం 1970ల మధ్యలో న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ పుట్టింది. గిటారు మీద మూడు నాలుగు కార్డులు, రెండు మూడు నిమిషాల్లో ముగిసే పాట, గురువు దగ్గర నేర్చుకోకపోయినా వేదిక ఎక్కవచ్చన్న తెగువ దాని లక్షణాలు. నిరుద్యోగం మీద, రాచరికం మీద, పెద్ద రికార్డు కంపెనీల మీద, తమ గోడు పట్టని పెద్దల మీద కుర్రకారుకు ఉన్న కోపం దాని వస్తువు. ఈ సంగీతకారుల మీద డాక్యుమెంటరీలు పాటతో పాటే మొదలయ్యాయి. 1977లో లండన్ కోవెంట్ గార్డెన్‌లోని రాక్సీ క్లబ్బులో రికార్డులు వేసే డాన్ లెట్స్ ఒక సూపర్ 8 కెమెరాతో అక్కడ పాడిన బృందాలను తీశాడు. జమైకా నుంచి వలస వచ్చిన దంపతులకు లండన్‌లో పుట్టిన నల్లజాతి యువకుడతను. పంక్ రికార్డులు అప్పటికింకా ఎక్కువ లేవు కాబట్టి, కచేరీకీ కచేరీకీ మధ్య రెగె వేసేవాడు. అతను తీసిన రీళ్లే 1978లో 'ది పంక్ రాక్ మూవీ' అయ్యాయి.

ఆ తర్వాత ఇలాంటి సినిమాలు ఆగలేదు. లాస్ ఏంజెలెస్ బృందాల మీద పెనలపీ స్ఫీరిస్ తీసిన 'ది డిక్లైన్ ఆఫ్ వెస్టర్న్ సివిలైజేషన్' 1981లో వచ్చింది. సెక్స్ పిస్టల్స్ మీద 'ది ఫిల్త్ అండ్ ది ఫ్యూరీ' (2000), రమోన్స్ మీద 'ఎండ్ ఆఫ్ ది సెంచరీ' (2003), క్లాష్ గాయకుడు జో స్ట్రమ్మర్ మీద 'ది ఫ్యూచర్ ఈజ్ అన్‌రిటన్' (2007), కాథ్లీన్ హానా మీద 'ది పంక్ సింగర్' (2013) పేరున్నవి. 2012లో మాస్కో క్రైస్ట్ ది సేవియర్ చర్చిలో పాడినందుకు రెండేళ్ల జైలుశిక్ష పడిన యువతుల మీద మరుసటి ఏడాదే 'పుస్సీ రయట్: ఎ పంక్ ప్రేయర్' వచ్చింది.

వీటి మీద రెండు వాదాలున్నాయి. తిరగబడే పాటను సినిమా మచ్చిక చేసి అద్దాల బీరువాలో పెడుతుందని ఒకటి. సినిమా తీయకపోతే ఆ పాట పాడిన మనుషులు ఆనవాలు లేకుండా పోతారని రెండోది. తెలుగు నేల మీద పంక్ బృందాల కథ పెద్దగా లేకపోయినా ఈ తగువు మాత్రం మనదే. బుర్రకథ నాజర్, వంగపండు ప్రసాదరావు, గద్దర్ లాంటి వాళ్ల జీవితాలను ఎవరు, ఎలా చెప్పాలన్నది అచ్చంగా ఇదే ప్రశ్న.

కింది సంవాదం నిడదవోలులో సాగుతుంది. మేనమామ హైస్కూలు మాష్టారుగా రిటైరయ్యారు. కుర్రతనంలో బుర్రకథ దళంలో రాజకీయం వంతగా ఊరూరా తిరిగారు. మేనకోడలు సినిమా ఎడిటింగ్ చదువుతోంది, ఆయన మీద ఒక సినిమా తీయాలనుకుంటోంది. పైన చెప్పిన సినిమాలను ఇద్దరూ కలిసి చూశాక మాట మొదలైంది.

మావయ్య: నా అభ్యంతరం మూలంలోనే ఉందమ్మా. వేదిక మీదున్నవాడికీ కింద నిలబడినవాడికీ తేడా లేదని చెప్పడానికే ఆ పాట పుట్టింది. నీకూ గొంతుంది, ఎక్కి పాడు అన్నదే దాని సారం. మరి డాక్యుమెంటరీ ఏం చేస్తోంది? ఒకణ్ణి పట్టుకుని, వాడి చిన్ననాటి ఫొటో చూపించి, పక్కింటివాళ్ల చేత నాలుగు మంచి మాటలు చెప్పించి, చివరికి వాడు కారణజన్ముడని తేలుస్తోంది. అందరిదైన పాట ఒక్కడి జాతకం అయిపోతోంది.

మేనకోడలు: అలాంటివి ఉన్నాయి మావయ్యా, కాదనను. కానీ స్ఫీరిస్ సినిమా చూశారు కదండీ. ఆవిడ 1979 డిసెంబరు నుంచి 1980 మే దాకా తీసింది. అప్పటికి వాళ్లెవరూ గొప్పవాళ్లు కారు. బ్లాక్ ఫ్లాగ్ బృందం కుర్రాళ్లు ఒక పాత చర్చిలో అల్మారాలంత గదుల్లో పడుకుంటున్నారు. ఆవిడ ఎవరినీ మెచ్చుకోదు, ఎవరినీ తిట్టదు. ఎందుకు కొట్టుకుంటారు, అద్దె ఎంత, తిండి ఎలా అని అడుగుతుంది. గోలలో మాటలు వినపడవని పాట సాహిత్యాన్ని తెర కింద అచ్చు వేసింది. ఆ ఒక్క పనితో, అరుపులనుకున్నవి ఆలోచనలని తెలిసింది. ఇందులో జాతకం ఎక్కడుంది?

మావయ్య: జర్మ్స్ బృందం కుర్రాడున్నాడే, డార్బీ క్రాష్. వంటింట్లో గుడ్డు వేయించుకుంటూ మాట్లాడతాడు. సినిమా విడుదల కాకముందే, 1980 డిసెంబరు 7న, ఇరవై రెండేళ్లకే హెరాయిన్‌తో పోయాడు. వేదిక మీద కళ్లు మూసుకుని వెల్లకిలా పడున్న వాడి బొమ్మే ఆ సినిమా పోస్టరు. ఎవరు కావాలని చేసినా చేయకపోయినా, అక్కణ్ణుంచి జనం చూసింది పాటను కాదు, చావును. సెక్స్ పిస్టల్స్ బృందంలోని సిడ్ విషస్ సంగతీ అంతే. 'డి.ఓ.ఎ.' అని లెక్ కొవాల్‌స్కీ తీసిన దాంట్లో, మంచం మీద మత్తులో మాట మధ్యలోనే తూలిపోతుంటాడు. వాడికి అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఇంట్లో పిల్లాడు అలా పడుంటే మనం చేసే మొదటి పని అదేనా?

ఈ ప్రశ్న బరువైంది. సిడ్ విషస్ 1979 ఫిబ్రవరి 2న న్యూయార్క్‌లో అధిక మోతాదు వల్ల మరణించాడు. అతని వయసు 21. తీసిన దృశ్యం తీసినవాడి ప్రమేయం లేకుండానే సాక్ష్యంగా మారుతుంది. అయితే ఆ దృశ్యాలు చూసిన తర్వాత మత్తుమందుల జీవితాన్ని ఎవరూ అందంగా ఊహించుకోలేరన్నది కూడా నిజమే. స్ఫీరిస్ సినిమాను లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ ప్రదర్శించవద్దని అప్పటి పోలీసు అధిపతి డారిల్ గేట్స్ లేఖ రాశాడు. అదే సినిమాను 2016లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో భద్రపరచదగిన వాటిలో చేర్చారు.

మేనకోడలు: మీరడిగింది న్యాయమే. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకే మనిషి ఒకే బృందం మీద రెండు సినిమాలు తీసిన సంగతి చూడండి. జూలియన్ టెంపుల్ సినిమా విద్యార్థిగా ఉన్నప్పటి నుంచి సెక్స్ పిస్టల్స్ వెనకే తిరిగాడు. 1976 డిసెంబరు 1న టీవీలో బిల్ గ్రండీ కార్యక్రమంలో బూతులు మాట్లాడి దేశాన్ని అదరగొట్టడం, 1977లో రాణి సింహాసనమెక్కిన రజతోత్సవ సమయంలోనే ఆవిడ మీద పాట విడుదల చేయడం, బీబీసీ ఆ పాటను ఆపేయడం, 1978 జనవరి 14న శాన్ ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్‌లో చివరి కచేరీ తర్వాత బృందం విడిపోవడం అన్నీ అతను వాళ్లను గమనిస్తున్న రోజుల్లో జరిగినవే. అయినా 1980లో వచ్చిన మొదటి సినిమా 'ది గ్రేట్ రాక్ ఎన్ రోల్ స్విండిల్' మేనేజరు మాల్కమ్ మెక్‌లారెన్ కథ. పిల్లలకు పాడ్డం రాదు, జనాన్ని మోసం చేసి డబ్బు గుంజడానికి నేనే వాళ్లను తయారుచేశాను అని అతను చెప్పుకుంటాడు. ముఖ్య గాయకుడు జాన్ లైడన్ అందులో పాలుపంచుకోలేదు.

మావయ్య: అదే నేను చెప్పేది. సినిమా ఎవడు తీయిస్తే వాడి మాట చెబుతుంది.

మేనకోడలు: ఇరవై ఏళ్లకు అదే టెంపుల్ రెండోది తీశాడు కదండీ. 1986లో కోర్టు తగాదా తేలి హక్కులు బృందం చేతికొచ్చాయి. ఆ తర్వాత వాళ్ల వైపు కథ చెప్పాడు. ఇప్పటి ముఖాలు కనపడకుండా వాళ్లను వెలుతురుకు అడ్డంగా కూర్చోబెట్టి మాట్లాడించాడు. అప్పటి చెత్త సమ్మె, నిరుద్యోగం, వీధుల్లో ఎత్తున పేరుకున్న చెత్త సంచులు, టీవీ హాస్యం, లారెన్స్ ఒలీవియర్ మూడో రిచర్డు వేషం అన్నీ కలిపి అల్లాడు. ఆ దేశం ఆ పిల్లల్ని ఎలా తయారుచేసిందో అప్పుడు తెలిసింది. ప్రపంచం మీద ఉమ్మేసినట్టు మాట్లాడే లైడన్, సిడ్ గురించి చెబుతూ ఏడుస్తాడు. స్నేహితుణ్ణి కాపాడుకోలేకపోయానంటాడు. మొదటి సినిమాలో మెక్‌లారెన్ చెప్పిన కథ అబద్ధమని చెప్పడానికి ఆ ఒక్క దృశ్యం చాలదా?

మావయ్య: రెండోదాంట్లో మెక్‌లారెన్ మాట ఎంత?

మేనకోడలు: తక్కువే. అతను కనపడే చోట రబ్బరు ముసుగు తొడిగారు.

మావయ్య: చూశావా? మొదటి దాంట్లో మేనేజరు గెలిచాడు, రెండో దాంట్లో బృందం గెలిచింది. రెంటిలోనూ ఎదుటివాడు నోరు మూసుకున్నాడు. మా బుర్రకథలో అలా కుదరదమ్మాయ్. మధ్యలో కథకుడు తంబురా పట్టుకుని నిలబడతాడు. రెండు పక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. కథకుడు పూనకంలో వీరుణ్ణి ఆకాశానికెత్తుతుంటే రాజకీయం వంత ఆపి అడుగుతాడు. ఆ రాజు పన్నులు వేయలేదా, మరి ఇవాళ మన ఊళ్లో జరుగుతున్నదేమిటి అంటాడు. హాస్యం వంత కథకుడి గొప్పల్ని కిందికి లాగుతాడు. కథకుడు వాళ్లకు జవాబు చెప్పాకే ముందుకు కదలాలి. తిమ్మరాజుపాలెం కోట సత్తెమ్మ తిరునాళ్లలో కథ చెప్పిన రాత్రి, నేనడిగిన ప్రశ్నకు కథకుడి దగ్గర మాట లేకపోతే జనంలోంచి ఒక రైతు లేచి జవాబిచ్చాడు. ఆ సినిమాల్లో ఆ వంత ఎక్కడున్నాడు?

సంవాదంలో ఇక్కడి నుంచి దారి మారుతుంది. సంగీతకారుడి జీవితచిత్రం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న వెనక్కి తగ్గి, పొగడ్తకు అడ్డుపడే రెండో గొంతు అందులో ఉందా అన్న ప్రశ్న ముందుకొస్తుంది. ఈ కొలతతో చూస్తే పంక్ డాక్యుమెంటరీలలో చాలావాటికి వయసైపోయిందని ఒప్పుకోవాలి. పాత ఫుటేజీ కొంత, కుర్చీలో కూర్చుని మాట్లాడే అభిమానులు కొందరు, ఆ బృందం తర్వాత వచ్చి పేరు సంపాదించిన గాయకుల మెచ్చుకోళ్లు, చివర్లో పునర్మిలన కచేరీ. ఒక్కోసారి దీని వెనక బలమైన కారణం ఉంటుంది. రికార్డయిన పాటను సినిమాలో వాడాలంటే రెండు అనుమతులు కావాలి. ఒకటి పాట రచన మీద హక్కున్నవారిది, రెండోది ఆ రికార్డింగు సొంతదారుది. ఇద్దరిలో ఏ ఒక్కరు కాదన్నా పాట లేని పాటగాడి సినిమా తీయాలి. అందువల్ల హక్కులున్నవాళ్లను నొప్పించే ప్రశ్నలు ఎడిటింగు బల్ల మీదనే రాలిపోతాయి.

మేనకోడలు: వంత ఉన్న సినిమా ఒకటి చెబుతాను. రమోన్స్ 1974లో న్యూయార్క్ క్వీన్స్‌లో మొదలై 1996 ఆగస్టు దాకా 2,263 ప్రదర్శనలిచ్చారు. నలుగురూ ఒకే ఇంటిపేరు పెట్టుకుని, ఒకే రకం తోలు జాకెట్లు వేసుకుని అన్నదమ్ముల్లా కనపడేవాళ్లు. జిమ్ ఫీల్డ్స్, మైకేల్ గ్రమాలియా తీసిన 'ఎండ్ ఆఫ్ ది సెంచరీ' ఆ బొమ్మ వెనక ఏముందో చూపించింది. గాయకుడు జోయీ ప్రేమించిన అమ్మాయిని గిటారిస్టు జానీ పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒకే వ్యానులో తిరుగుతూ, ఒకే వేదిక మీద నిలబడుతూ ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒకడు ఉదారవాది, ఒకడు రిపబ్లికన్ పార్టీ మనిషి. జోయీ 2001లో క్యాన్సర్‌తో పోయాడు. జానీని కెమెరా ముందు కూర్చోబెట్టి దాని గురించే అడిగారు. మెత్తబడని మనిషి. అయినా ఆ చావు తనను కుంగదీసిందని తడబడుతూ ఒప్పుకుంటాడు. తర్వాత 2002లో బృందంలోని డీడీ, 2004లో జానీ పోయారు. ఆ ముగ్గురి గొంతులూ ఒకదానికొకటి ఎదురు నిలబడి ఒకేచోట దొరుకుతున్నాయంటే, వాళ్లు బతికుండగా ఎవరో వెళ్లి అడగబట్టే కదా.

మావయ్య: అది మంచి సినిమా. ఒప్పుకుంటాను. ఆ జానీ నాకు నచ్చలేదు గానీ, వాడి మాట వినడం నచ్చింది.

మేనకోడలు: ఇంకోటి. డెట్రాయిట్‌లో హాక్నీ అన్నదమ్ములు ముగ్గురు, నల్లజాతి పిల్లలు, రమోన్స్ కన్నా ముందే ఇదే తరహా పాట కట్టారు. బృందం పేరు డెత్. పేరు మారిస్తే డబ్బు పెడతామని రికార్డు కంపెనీ పెద్ద క్లైవ్ డేవిస్ అంటే, పెద్దవాడు డేవిడ్ మార్చనన్నాడు. 1976లో సొంతంగా 500 రికార్డులు అచ్చు వేసుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. డేవిడ్ 2000లో పోయాడు. 2012లో వాళ్ల మీద సినిమా వచ్చాక లోకానికి తెలిసింది.

మావయ్య: అక్కడ ఒక సంగతి దాటేశావు. పాత రికార్డులు ఏరుకునేవాళ్ల చేతికి ఆ పలకలు దొరికాయి. 2009లో డ్రాగ్ సిటీ కంపెనీ ఆ పాటలన్నీ బయటపెట్టింది. సినిమా ఆ తర్వాత వచ్చింది. వాళ్లను బతికించింది అయిదువందల రికార్డులమ్మా, కెమెరా కాదు.

మేనకోడలు: నిజమే. పాటను రికార్డు బతికించింది. కానీ పాట కోసం పేరు మార్చుకోనన్న డేవిడ్ మొండితనాన్ని రికార్డు చెప్పదు కదండీ. టేపులు తమ్ముడి చేతిలో పెట్టి, వీటికోసం లోకం ఎప్పటికైనా వెతుక్కుంటూ వస్తుంది, దాచిపెట్టు అన్నాడని మనకు సినిమావల్లే తెలిసింది.

మావయ్య: సరే, మన ఇంటి సంగతికి రా. నాజర్ గారున్నారు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. దూదేకుల బీద కుటుంబం. ప్రజానాట్యమండలిలో చేరి, పల్లెల్లో జంగం కథగా ఉన్న దాన్ని లక్షలమంది చేత రాజకీయం మాట్లాడించే కళ చేశారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ, బెంగాల్ కరువు కథ. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయారు. ఆయన మీద ఎవరు సినిమా తీసినా తీయకపోయినా ఆయన అడుగు మా కాళ్లలోకి వచ్చింది. మా కథకుడి కాళ్లలోంచి ఇంకొకరి కాళ్లలోకి వెళ్లింది. పాట బతకడమంటే అది. మీ లండన్ వాళ్లకు ఆ పరంపర లేక సినిమాలు తీసుకున్నారు.

మేనకోడలు: ఆ పరంపర ఇప్పుడు ఎన్ని ఊళ్లలో ఉంది మావయ్యా? మీ దళంలో కథకుడు లేరు. హాస్యం వంత లేరు. మిగిలింది మీరు. నేను మీ మేనకోడల్ని, నాకే మీరు అడుగు నేర్పలేదు. ఆడపిల్ల అనా?

మావయ్య: అడగలేదు నువ్వు.

మేనకోడలు: కెమెరా ఉంటే అడగకుండానే చూసేదాన్ని. నాజర్ గారి జీవితాన్ని ఆయన చెబుతుండగా అంగడాల వెంకటరమణమూర్తి గారు 'పింజారి' పేరుతో పుస్తకం చేశారు. అది మన భాషలో కళాకారుడి జీవితం మీద వచ్చిన గొప్ప పుస్తకాల్లో ఒకటి. ఆకలి, అవమానం, పార్టీతో చెలిమి, పేచీ అన్నీ ఉన్నాయి. కానీ కథ మధ్యలో ఆయన గొంతు ఎక్కడ తగ్గించి ఎక్కడ దూకేవారో పుస్తకం ఎలా చెబుతుంది? రాజమండ్రిలో పుట్టిన గరికపాటి రాజారావు గారు 1953లో 'పుట్టిల్లు' తీస్తే దాంట్లో బుర్రకథ పెట్టారు. ఆ కొద్ది నిమిషాలు తెర మీద ఉన్నాయి కాబట్టే నాలాంటి వాళ్లకు ఊహ అందుతోంది.

మావయ్య కాసేపు మాట్లాడలేదు. ప్రజానాట్యమండలి చరిత్రలో ఈ లోటు నిజంగా ఉంది. 1943లో ఏర్పడిన ఆ సంస్థ బుర్రకథను, వీధినాటకాన్ని, గొల్లసుద్దులను కొత్త పనికి పెట్టింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ ప్రదర్శనలకు జనం ఎలా కదిలారో జ్ఞాపకాల్లో, వ్యాసాల్లో చదువుతాం. ఆ ఊపును కళ్లతో చూసే వీలు లేదు. 1977 లండన్‌లో ఒక క్లబ్బులో పాడిన చిన్న బృందం ఆడిన తీరు ఇవాళ ఎవరైనా చూడవచ్చు. ఈ తేడా కళల విలువ వల్ల వచ్చింది కాదు. చౌక కెమెరా ఎవరి చేతిలో ముందు పడిందన్న దానివల్ల వచ్చింది.

మావయ్య: గద్దర్ విషయంలో ఆ మాట చెప్పలేవు. ఆయన్ను తీసినన్ని కెమెరాలు ఏ పాటగాణ్ణీ తీసి ఉండవు. గౌతమ్ ఘోష్ 'మా భూమి' సినిమాలోనే పాడుతూ కనిపించారు. టీవీలు గంటలకు గంటలు మాట్లాడించాయి. అయినా ఆయన జీవితం మనకు తెలిసిందా? ముక్కలు ముక్కలుగా తెలిసింది.

మేనకోడలు: ముక్కలు తీయడం వేరు, కథ అల్లడం వేరు. గద్దర్ అనే గుమ్మడి విఠల్‌రావు తూప్రాన్‌లో పుట్టారు, ఇంజనీరింగు మధ్యలో వదిలేశారు, కెనరా బ్యాంకులో ఉద్యోగం చేశారు, 1984లో దాన్నీ వదిలేశారు. 1985లో అజ్ఞాతంలోకి వెళ్లి 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్పులు జరిగితే ఒక తూటా వెన్నులో అలాగే ఉండిపోయింది. దాంతోనే ఇరవై ఆరేళ్లు గంతులేసి పాడారు. ఓటు బూటకమన్న మనిషి 2018లో మొదటిసారి ఓటు వేశారు. 2023లో సొంత పార్టీ ప్రకటించారు. ఆ ఆగస్టు 6న పోతే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. వీటన్నిటినీ ఒకే సినిమాలో పక్కపక్కన పెట్టి, ఎందుకు మారారని ఆయన్నే అడిగి, కాదనేవాళ్ల చేత కాదనిపించి, ఔననేవాళ్ల చేత ఔననిపించి తీసి ఉండాల్సింది. మీరన్న రాజకీయం వంత అదేనండీ.

మావయ్య: ఒక సంగతి చెప్పనా? 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకు ప్రభుత్వం నంది పురస్కారం ఇస్తానంటే ఆయన తీసుకోలేదు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా పురస్కారాలకే ఆయన పేరు పెట్టింది. 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చారు. పేరు పెట్టడం తప్పని అనను. అభిమానంతోనే పెట్టారు. కానీ వద్దన్నవాణ్ణి ఆయన పోయాక పురస్కారంగా మార్చడమంటే నాకు గుండెల్లో ఏదో గుచ్చుకుంది. సెక్స్ పిస్టల్స్ కూడా అంతే కదా. 2006లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు గౌరవిస్తామంటే రామని చీటీ రాసి పంపారు. 2016లో లండన్ అంతా పంక్‌కు నలభై ఏళ్ల పండగ చేస్తుంటే, మెక్‌లారెన్ కొడుకే థేమ్స్ నది మీద పడవలో ఆ పాత బట్టలూ సామాన్లూ తగలబెట్టాడు. నాకు ఆ కుర్రాడి బాధ తెలుసు.

మేనకోడలు: తగలబెట్టడం బాధకు మందు కాదు మావయ్యా. ఇంకొకరికి చూసే అవకాశం పోయింది, అంతే. వద్దన్న ఆ చీటీ, ఆ తిరస్కారం కూడా సినిమాలో ఉండాలి. అప్పుడు పురస్కారం పేరు విన్న పిల్లలు ఆ మనిషి ఏమన్నాడో కూడా వింటారు.

మన దేశంలో ఈ పని పూర్తిగా చేసిన సినిమా ఒకటుంది. పంక్‌తో దానికి చుట్టరికం లేదు. తిరుగుబాటు పాట, దాన్ని పాడినవాడి బతుకు అన్న విషయంలో మాత్రం ఈ చర్చకు అది గుండెకాయ. 1997 జులై 11న ముంబయి ఘాట్‌కోపర్‌లోని రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేసినందుకు నిరసన తెలిపిన దళితుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. కొద్ది రోజులకు మరాఠీ పాటగాడు విలాస్ ఘోగ్రే తన గుడిసెలో ఉరి వేసుకున్నాడు. ఆనంద్ పట్వర్ధన్ 1985 నాటి తన 'బాంబే అవర్ సిటీ'లో అతని చేత పాడించాడు. ఆ పరిచయం వల్ల మొదలై పద్నాలుగేళ్లపాటు తీసిన సినిమా 2011లో 'జై భీమ్ కామ్రేడ్' పేరుతో వచ్చింది. నిడివి మూడు గంటలు దాటుతుంది. ఘోగ్రేను వెలివేసిన సొంత సంస్థ సహచరులను కూడా పట్వర్ధన్ వదల్లేదు. ఎందుకు వెలివేశారని కెమెరా ముందే అడిగాడు. అదే సినిమా కబీర్ కళా మంచ్ యువ గాయకుల దాకా సాగుతుంది. సినిమా తీస్తుండగానే వాళ్లలో కొందరు అజ్ఞాతంలోకి వెళ్లవలసి వచ్చింది. ఒక్క పాటగాడితో మొదలైన సినిమా ఒక పాటల వంశాన్ని చూపించింది. పంక్ మీద తీసినవాటిలో ఇంత ఓపిక గలవి తక్కువ. జెమ్ కోహెన్ 1987 నుంచి పదేళ్లకు పైగా ఫుగాజీ బృందాన్ని తీసి, వాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఎడిట్ చేసిన 'ఇన్‌స్ట్రుమెంట్' (1999) వాటిలో ఒకటి. మేనకోడలు ఈ రెంటి మాటా ఎత్తింది.

మావయ్య: టికెట్టు అయిదు డాలర్ల దగ్గరే ఉంచాలని చూసిన బృందమే కదా అది? వాళ్లంటే నాకు గౌరవం. జై భీమ్ కామ్రేడ్ సంగతి వేరు. అది చూస్తే ఆ పాటగాడు దేవుడు కాలేదు, మన మనిషి అయ్యాడు. అలాగైతే నాకు అభ్యంతరం లేదు.

మేనకోడలు: ఇంట్లోవాళ్లు తీసినా అలా తీయొచ్చండి. ఎక్స్-రే స్పెక్స్ గాయని పాలీ స్టైరీన్ తండ్రి సోమాలీ, తల్లి స్కాటిష్-ఐరిష్ సంతతి మహిళ. 2011లో పోయింది. కూతురు సెలెస్ట్ బెల్, పాల్ సంగ్‌తో కలిసి 2021లో తీసిన సినిమాలో, తన చిన్నతనంలో అమ్మ తనను చూసుకోలేక అమ్మమ్మ దగ్గరికి వెళ్లవలసి రావడం దాచలేదు. అమ్మ మీద ప్రేమ ఉంది, కోపమూ ఉంది. రెండూ తెర మీదే ఉన్నాయి.

మావయ్య: అయితే నా షరతు విను. నన్ను తీస్తానంటున్నావు కదా. నా గురించి మంచి చెప్పేవాళ్లను వెతకొద్దు. దళం విడిపోయినప్పుడు నాతో పేచీ పెట్టుకున్నవాడు తణుకు వైపు ఉన్నాడు. ముందు వాడి దగ్గరికి వెళ్లు. వాడు చెప్పింది నాకు వినిపించు. నేను జవాబు చెబుతాను. అప్పుడు కట్టు నీ సినిమా.

మేనకోడలు: రేపు పొద్దున్నే వెళతాను. ముందు మీరు గుమ్మెట తీయండి, అడుగు చూపించండి. అది ఇవాళే తీయాలి.

ఈ సంవాదంలో మేనమామ వాదం ఓడిపోలేదు. పొగడ్త సినిమా అందరి పాటను ఒక్కడి జాతకం చేస్తుందన్న ఆయన మాట పంక్ డాక్యుమెంటరీల్లో సగానికి వర్తిస్తుంది. మేనకోడలి వాదమూ నిలిచింది. మనిషి బతికుండగా తీయనిదాన్ని ఆ తర్వాత ఏ ప్రేమా తీయలేదు. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023లో వెళ్లిపోయారు. వాళ్ల పక్కన నిలబడి డప్పు కొట్టినవాళ్లు, కోరస్ అందుకున్నవాళ్లు, వంత కట్టినవాళ్లు, గోదావరి జిల్లాల్లో బుర్రకథ చెప్పి మానేసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ పురస్కారానికీ పెట్టరు. చేతిలో ఫోను ఉన్న ప్రతి పాఠకుడూ తన ఊళ్లో అలాంటి ఒకరిని వెతికి, పాట మొత్తం పాడించి, అడుగు మొత్తం వేయించి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి, ఆ కళాకారులతో విభేదించినవారి మాటా పక్కన చేర్చి, ఊరు, పేరు, తేదీ రాసి భద్రపరచాలి. అసలు రికార్డింగును కత్తిరించకుండా ఒక ప్రతి ఇంట్లో, ఒకటి ఊరి గ్రంథాలయంలో ఉంచాలి.